తాళం చెవి లేకుండా తాళం తీసే హాబీ: కిట్ కొనేముందు మధిరలో జరిగిన ఈ సంగతి చదవండి

తాళం చెవి పోయింది. ట్రంకు పెట్టెలో నానమ్మ పట్టాదారు పాస్‌బుక్ ఉంది. మర్నాడు పొద్దున పదింటికల్లా అది చేతిలో ఉండాలి. మధిరలోని మా బాబాయి ఇంట్లో అందరూ దిండ్ల కింద, దేవుడి గూట్లో, బియ్యం డబ్బాలో వెతుకుతుంటే, ఇంటర్ సెకండియర్ చదువుతున్న మా తమ్ముడు మాత్రం తెగ హుషారైపోయాడు. గదిలోకి పరిగెత్తి ఒక చిన్న రెక్సిన్ పర్సు పట్టుకొచ్చాడు. అందులో పదిహేను ఉక్కు పుల్లలు. నెల క్రితం యూట్యూబ్ వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న లాక్ పికింగ్ కిట్ అది.

కిట్‌తో పాటు వచ్చిన పారదర్శక ప్లాస్టిక్ తాళాన్ని వాడు అర నిమిషంలో తీసేస్తాడు. ట్రంకు తాళం దగ్గర మాత్రం గంటన్నర కూర్చున్నాడు. చివరికి ఒక పుల్ల మొన పుటుక్కున విరిగి లోపలే ఉండిపోయింది.

బస్టాండ్ దగ్గర మారుతాళాలు చేసే ఆయన్ని పిలుచుకొచ్చారు. ఆయన తాళాన్ని ఓసారి తిప్పి చూసి, ముందు ఆ విరిగిన ముక్క బయటికి తీశాడు. దానికే ఎక్కువ టైమ్ పట్టింది. తర్వాత తన సంచిలోంచి వంకర తీగలు రెండు తీసి పది నిమిషాల్లోపే తాళం తెరిచేశాడు. "ఏం బాబూ, ఇది పిన్నుల తాళం కాదు, లివర్ తాళం. నీ దగ్గరున్న పుల్లలతో పొద్దుగూకులు తిప్పినా రాదు" అన్నాడు మా తమ్ముడితో.

ఈ ఒక్క మాట తెలియకే చాలామంది డబ్బులు వృథా చేసుకుంటున్నారు. విదేశీ వీడియోల్లో కనిపించే తాళాలు వేరు. మన ఇళ్లకు వేలాడే తాళం కప్పల్లో చాలావరకు వేరు. కిట్ కొనాలనుకునే వాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

చెవిని చూస్తే తాళం రకం తెలిసిపోతుంది

తాళం విప్పి చూడక్కర్లేదు, చెవిని చూస్తే చాలు. చెవి బద్ద పొడవునా రంపం పళ్లలా 'వి' ఆకారపు గాట్లు, పక్కన నిలువు గాడి ఉంటే అది పిన్ టంబ్లర్ తాళం. బద్ద నునుపుగా ఉండి, చివర మాత్రమే మెట్లు మెట్లుగా చెక్కినట్టు ఉంటే చాలావరకు అది లివర్ తాళం. గాట్లు లేకుండా, చదునైన వైపు చిన్న చిన్న గుంటలు ఉంటే డింపుల్ తాళం. కొత్త అపార్ట్‌మెంట్ల మెయిన్ డోర్లకు ఇవే ఎక్కువ. 'కంప్యూటర్ కీ' అని షాపుల్లో చెప్పేది కూడా ఈ చెవినే, అందులో కంప్యూటర్ ఏమీ ఉండదు.

పిన్ తాళం లోపల ఏం జరుగుతుందంటే, మధ్యలో తిరిగే ఒక ఇత్తడి గుండ్రటి ముక్క ఉంటుంది. దాన్ని ప్లగ్ అంటారు. పైనుంచి ఐదో ఆరో చిన్న పిన్నుల జతలు, స్ప్రింగుల ఒత్తిడితో దాని లోపలికి దిగి ఉంటాయి. అవి అడ్డుపడుతున్నంత సేపూ ప్లగ్ తిరగదు. సరైన చెవి పెట్టినప్పుడు ప్రతి జతా సరిగ్గా విడిపోయే ఎత్తుకి లేస్తుంది, ప్లగ్ తిరుగుతుంది. ఈ ఆలోచన ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళాల్లోనే ఉంది. ఇప్పుడు మనం చూసే చదును చెవి రూపాన్ని అమెరికాకు చెందిన లైనస్ యేల్ జూనియర్ 1860ల్లో తీసుకొచ్చాడు.

లివర్ తాళంలో పిన్నులుండవు. ఒకదాని మీద ఒకటి పేర్చిన పలుచటి లోహపు పలకలుంటాయి. ఒక్కో పలకలో ఒక్కో చోట కంత ఉంటుంది. చెవి మెట్లు ఆ పలకల్ని వేర్వేరు ఎత్తులకు లేపి కంతలన్నీ ఒకే వరసలోకి తెస్తే గడియ జరుగుతుంది. తాళం పెట్టె మీద '6 లివర్', '7 లివర్' అని రాసేది ఈ పలకల లెక్కే. గోద్రెజ్ నవ్‌తాల్ ఈ రకమే. తాళాల ఊరుగా పేరున్న అలీగఢ్ నుంచి వచ్చే కప్పల్లోనూ ఈ రకం బోలెడు. తమిళనాడులోని దిండిగల్‌లో చేత్తో చేసే తాళాలదీ ఇదే దారి, వాటికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

కిట్‌లో వచ్చే సన్న పుల్లలు పిన్నుల కోసం చేసినవి. లివర్ తాళానికి పనిముట్టే వేరు. గడియ మీద ఒత్తిడి పెట్టే తీగ ఒకటి, పలకల్ని ఒక్కొక్కటిగా లేపే తీగ ఇంకొకటి కావాలి. అవి రెండూ తాళం లోతుకి సరిపోవాలి. మొదటి రోజే దాని జోలికి వెళ్లొద్దు. ట్రంకు పెట్టె ముందు మా తమ్ముడు చేసిన తప్పు అదే.

పదిహేను పుల్లలు ఎందుకు? మూడు చాలు

కిట్లలో పుల్లల సంఖ్యే పెద్ద ఆకర్షణ. 15, 20, 30 అని ఊరిస్తుంటారు. నిజానికి అందులో సగం కన్నా ఎక్కువ అసలు వాడరు. ఈ హాబీలో ఏళ్లుగా ఉన్న వాళ్లు కూడా రోజూ చేతిలో పట్టుకునేవి రెండు మూడే.

మొదటిది షార్ట్ హుక్. చివర కొద్దిగా పైకి వంగి ఉంటుంది. ఒక్కో పిన్నునూ విడిగా లేపడానికి ఇదే. రెండోది మీడియం హుక్, పొడుగు పిన్ను వెనకాల పొట్టి పిన్ను దాక్కుని ఉన్నప్పుడు అందుకోవడానికి. మూడోది రేక్. పాము మెలికల్లా ఉంటుంది, ముందుకీ వెనక్కీ ఆడిస్తే అదృష్టం కొద్దీ పిన్నులన్నీ ఒకేసారి సర్దుకుంటాయి. రేక్‌తో తాళం తొందరగా ఊడొచ్చు, కానీ చేతికి వచ్చే విద్య తక్కువ. తుపాకీలా ఉండే పిక్ గన్నులు, బ్యాటరీతో ఆడేవి అసలే వద్దు. హాబీ అంటేనే చేత్తో లోపలి సంగతి పసిగట్టడం. మిషన్ ఆ పని చేసేస్తే మనకి మిగిలేదేంటి?

ఉక్కు పలక మందం చూసుకోవాలి. 0.025 అంగుళం, అంటే 0.6 మిల్లీమీటర్లకు కాస్త పైన, మామూలు తాళాలకు సరిపోతుంది. చెవి దూరే కంత ఇరుకైనప్పుడు 0.018 నుంచి 0.020 అంగుళాల పలుచటివి కావాలి, కానీ అవి వంగడం, విరగడం తొందరగా జరుగుతుంది. కొత్తవాళ్ల చెయ్యి బరువు. అందుకని మొదట మందంవి కొనుక్కుని, కంత వెడల్పున్న తాళం మీద నేర్చుకోవడమే మంచిది. చవక కిట్లలో పుల్లల అంచులు గరుగ్గా ఉంటాయి. సన్న నంబరు ఎమెరీ పేపర్ తీసుకుని అంచులు నున్నగా అయ్యేవరకు రుద్దండి. అరగంట పని, కానీ తేడా చేతికి తెలుస్తుంది. గరుకు అంచు ఇత్తడిని గీరుకుంటూ పోతుంటే, పిన్ను కదిలిందో పుల్ల గీరుకుందో ఎలా తెలుస్తుంది?

ఇక అందరూ తేలిగ్గా తీసుకునేది టెన్షన్ టూల్. ఎల్ ఆకారంలో వంచిన ఉక్కు బద్ద. ప్లగ్‌ని కొంచెం తిప్పిపట్టి ఉంచేది ఇదే. మొత్తం ఆట దీని మీదే నడుస్తుంది. ఎలాగంటే, ఏ ఫ్యాక్టరీలోనూ పిన్ను రంధ్రాలన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతలో పడవు. అందుకే ప్లగ్‌ని కాస్త తిప్పి పట్టుకుంటే ఐదు పిన్నుల్లో ఏదో ఒకటి మాత్రమే ముందుగా బిగుసుకుంటుంది. దాన్ని వెతికి లేపితే చిన్న టిక్, ప్లగ్ ఇసుమంత కదలిక. తర్వాత ఇంకో పిన్ను బిగుసుకుంటుంది. తాళం తయారీలో ఉన్న ఆ చిన్న లోపం మీదే ఈ విద్య అంతా ఆధారపడి ఉంది.

కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు గట్టిగా నొక్కడం. అప్పుడు పిన్నులన్నీ బిగుసుకుపోయి ఏది ఏదో తెలియదు. పుల్ల విరిగేదీ అప్పుడే. ఫోన్ స్క్రీన్ మీద వేలు ఆనించినంత ఒత్తిడి చాలు అంటే ఎవరూ నమ్మరు, కానీ అంతే. టెన్షన్ టూల్‌ని కంత కింది అంచులో పెట్టడం ఒక పద్ధతి, పై అంచులో పెట్టడం ఇంకో పద్ధతి. పైన పెడితే కింద పుల్లకి చోటు ఎక్కువ దొరుకుతుంది. రెండు రకాల బద్దలూ, రెండు మూడు మందాల్లో ఉన్న సెట్ దొరికితే, పుల్లల సంఖ్య తక్కువైనా సరే, దాన్నే తీసుకోండి.

ఏ తాళం మీద నేర్చుకోవాలి?

పారదర్శక తాళం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే కిట్లతో ఎక్కువగా వచ్చేది ఇదే. లోపల ఏం జరుగుతుందో కంటితో చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. స్కూల్లో ఫిజిక్స్ చెప్పే సార్లు ఒకటి కొని పెట్టుకున్నా మంచిదే. కానీ రెండో రోజు నుంచి అది పనికిరాదు. లోపల సందులు వదులుగా ఉంటాయి, పిన్ను కూర్చున్నప్పుడు చేతికి అందే స్పర్శ ఇత్తడి తాళంలో ఉన్నట్టు ఉండదు. పైగా కళ్లతో చూస్తూ చేస్తే చెయ్యి ఏమీ నేర్చుకోదు. మా తమ్ముడు నెల రోజులు దాంతోనే గడిపాడు. అర నిమిషంలో తీస్తున్నానని స్టేటస్‌లు పెట్టాడు. నేర్చుకుంది ఏమిటంటే, ప్లాస్టిక్ తాళం తీయడం. అంతే.

పక్క భాగం కోసి లోపలి పిన్నులు కనిపించేలా చేసిన ఇత్తడి తాళాలు కూడా ఉంటాయి. వాటిని కటవే తాళాలంటారు. ప్లాస్టిక్ కన్నా ఇవి చాలా నయం. ఒక గుడ్డ కప్పి చేయండి, ఎక్కడ ఆగిపోయామో తెలియనప్పుడు మాత్రం గుడ్డ తీసి చూసుకోండి.

అన్నిటికన్నా మంచిది ఏంటంటే, పిన్నులు మనమే మార్చుకోగలిగే సిలిండర్. ఇది ఎక్కడో విదేశాల నుంచి రావాల్సిన పని లేదు. తలుపు లోపలే అమర్చే మార్టిస్ తాళాలకు సిలిండర్ విడిగా అమ్ముతారు. మధిరలో ఒకచోట దొరక్కపోతే ఖమ్మంలోనో, రైలెక్కి వెళితే విజయవాడలోనో హార్డ్‌వేర్ షాపుల్లో అడగొచ్చు. కొనేటప్పుడు చెవి చూడండి: డింపుల్ గుంటలున్నది కాకుండా, గాట్లున్న మామూలు చెవితో వచ్చేది తీసుకోవాలి. దాన్ని విప్పి, స్ప్రింగులు మంచం కిందికి ఎగిరిపోకుండా జాగ్రత్తపడుతూ, ముందు రెండు పిన్నుల జతలు మాత్రం ఉంచండి. రెండు తేలిగ్గా వచ్చాక మూడు, తర్వాత నాలుగు. వరసగా మెట్లెక్కినట్టు ఉంటుంది. ఒక్క సిలిండర్ ఆరు తాళాల పాఠం చెబుతుంది.

అంత ఓపిక లేదంటారా, అయితే 40 మిల్లీమీటర్ల సైజు ఇత్తడి పిన్ తాళం కప్ప ఒకటి, తక్కువ పేరున్న కంపెనీదైనా పర్లేదు. చెవి గాట్లు మరీ ఎత్తుపల్లాలుగా లేనిది ఎంచుకోండి. పక్కపక్క గాట్లలో ఒకటి లోతుగా, ఇంకొకటి మిట్టగా ఉంటే కొత్తవాళ్లకి చుక్కలే.

సూట్‌కేసుకు వేసే బుడ్డ తాళాలతో మొదలుపెడతామని కొందరంటారు. చిన్నది కదా, తేలికని. నిజమే, పిన్నులు తక్కువే ఉంటాయి. కానీ కంత మరీ ఇరుకు, మామూలు పుల్ల, టెన్షన్ బద్ద రెండూ కలిపి దూరవు. చిన్న తాళం తేలిక, పెద్ద తాళం కష్టం అన్న లెక్క ఈ హాబీలో చెల్లదు. బజార్లో అరచేతి వెడల్పు తాళాలు కొన్ని బరువుకే గానీ లోపల నాలుగు పిన్నులే ఉంటాయి.

కొన్నాళ్లకి ఓ వింత ఎదురవుతుంది. ప్లగ్ సగం తిరిగినట్టు వచ్చి అక్కడే ఆగిపోతుంది. తెరుచుకోదు. ఇది స్పూల్ పిన్నుల పని. దారపు రీలులా నడుము సన్నగా చేసిన పిన్నులు అవి, పికింగ్‌ని ఆపడానికే పెడతారు. పిన్నుని లేపుతుంటే ప్లగ్ వెనక్కి తిరుగుతున్నట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు ఒత్తిడి కాస్త వదలాలి. ఈ మలుపు దాటిన వాళ్లే హాబీలో నిలబడతారు, మిగతావాళ్ల కిట్లు అటకెక్కుతాయి.

ఇంకో మాట. తాళం గట్టిగా తిరుగుతోందంటే మన ఇళ్లల్లో వెంటనే కొబ్బరి నూనె చుక్క వేస్తారు. వద్దు. కొన్ని రోజులకు నూనె జిగురై, దుమ్ముతో కలిసి పిన్నుల్ని పట్టేస్తుంది. పత్తి, మిర్చి దుమ్ము లేచే సీజన్లో మన వైపు తాళాలు మొరాయించడానికి ఇదీ ఒక కారణం. గ్రాఫైట్ పొడి కొంచెం ఊదితే చాలు.

తలుపు మీద ప్రయోగం చేస్తే?

ప్రపంచంలో ఈ హాబీకి క్లబ్బులున్నాయి. జర్మనీలో 1997లోనే ఒకటి మొదలైంది, నెదర్లాండ్స్‌లో టూల్ అనే సంస్థ ఉంది, హ్యాకర్ల సభలు జరిగే చోట లాక్ పికింగ్‌కి ప్రత్యేకంగా బల్లలు వేస్తారు. వీళ్లందరికీ రెండే నియమాలు. మీది కాని తాళాన్ని యజమాని అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. వాడకంలో ఉన్న తాళాన్ని, అది మీదైనా సరే, ముట్టుకోవద్దు.

రెండో నియమం చాలామందికి అర్థం కాదు. నా తలుపు, నా ఇష్టం కదా అంటారు. ప్రాక్టీసులో పిన్ను వంగొచ్చు, స్ప్రింగ్ నలగొచ్చు, మొన విరగొచ్చు. రాత్రి పదింటికి మెయిన్ డోర్ సిలిండర్ మొరాయిస్తే ఇంటిల్లిపాదీ బయట. అద్దె ఇల్లయితే ఓనర్‌కి సమాధానం చెప్పుకోవాలి. బండి ఇగ్నిషన్, బీరువా, గ్యాస్ గోడౌన్ గేటు, ఇవేవీ ప్రాక్టీసు తాళాలు కావు.

చట్టం సంగతికొస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ ప్రకారం, అక్రమంగా లోపలికి చొరబడటం కోసం తాళం తెరిచి ఇంట్లోకి వెళ్లడం కూడా ఇల్లు పగలగొట్టడం కిందికే వస్తుంది. తలుపు విరగ్గొట్టలేదు కదా, పుల్లతో మెల్లగా తీశాను అంటే కుదరదు. శిక్షలు 331లో ఉన్నాయి, పొద్దుగూకిన తర్వాత జరిగితే ఇంకా ఎక్కువ. వస్తువులున్నాయని తెలిసి, దురుద్దేశంతో మూసిన పెట్టెని తెరిచినా 334 కింద నేరం. మహారాష్ట్ర లాంటి చోట్ల, రాత్రిపూట ఇళ్లు పగలగొట్టే పనిముట్లు సరైన కారణం లేకుండా దగ్గర ఉంచుకోవడమే పోలీసు చట్టం కింద కేసవుతుంది. జపాన్ 2003లో ఇలాంటి పనిముట్లు ఊరికే కలిగి ఉండటాన్నే నిషేధించింది. కాబట్టి కిట్‌ని జేబులో వేసుకుని ఊరంతా తిరగొద్దు, హాస్టల్‌కి, రైల్లోకి అసలు తీసుకెళ్లొద్దు. ఇంట్లో బల్ల మీద ఉండాల్సిన వస్తువు అది.

చట్టం కన్నా ముందు ఊరి నోరు ఉంటుంది. ట్రంకు పెట్టె గొడవ జరిగిన మూడు వారాలకి, మా బాబాయి వాళ్ల పక్క వీధిలో తాళం వేసిన ఇంట్లో దొంగతనం జరిగింది. తాళం పగలగొట్టారు, గడ్డపారతో గొళ్ళెం లేపారు. చూసిన ఎవరికైనా తెలుస్తుంది అది పుల్లల పని కాదని. అయినా సాయంత్రానికల్లా ఒకరిద్దరి నోట మా తమ్ముడి మాటే వచ్చింది. "ఆ పిల్లోడు తాళాలు తీస్తాడంట కదా" అని. వాడు పెట్టిన స్టేటస్‌లు అందరూ చూసినవే. పిన్ని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అసలు దొంగలు వేరే చోట దొరికేదాకా వాడు కాలేజీకి కూడా తల వంచుకునే వెళ్లాడు.

ఇది మన దగ్గరే కాదు. నోబెల్ గ్రహీత, భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అణు రహస్యాలు దాచిన ఫైలు బీరువాల తాళాలు సరదాగా తెరిచేవాడు. బీరువా సొరుగు తెరిచి ఉంచితే నంబరు ఎలా బయటపడుతుందో ఒక సైనికాధికారికి చేసి మరీ చూపించాడు. ఆ అధికారి ఏం చేశాడో తెలుసా? సొరుగులు మూసి ఉంచమని చెప్పలేదు. ఫైన్‌మన్ ఎవరెవరి గదుల దగ్గరికి వచ్చాడో కనుక్కుని, వాళ్లందర్నీ నంబర్లు మార్చుకోమన్నాడు. లోపం చూపించినవాడే ప్రమాదకరమైనవాడు అయిపోయాడు.

అయితే తాళాలు బాగుపడింది కూడా ఇలాంటి వాళ్ల వల్లే. లండన్‌లో జోసెఫ్ బ్రామా కంపెనీ తన తాళాన్ని 1790 నుంచి షాపు కిటికీలో పెట్టి, తీసినవాళ్లకి 200 గినీలు ఇస్తామని బోర్డు రాసింది. అరవై ఏళ్లు ఎవరి వల్లా కాలేదు. 1851లో ప్రపంచ ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ ఆల్‌ఫ్రెడ్ హాబ్స్, 16 రోజుల వ్యవధిలో 51 గంటలు కూర్చుని దాన్ని తెరిచాడు. అంతకుముందే, ఎవరైనా పుల్ల పెడితే బిగుసుకుపోయి యజమానికి తెలియజేసే చబ్ తాళాన్ని 25 నిమిషాల్లో తీసేశాడు. అది కూడా మన ట్రంకు పెట్టె జాతే, లివర్ తాళం. ఆ దెబ్బకి లండన్‌లో పెద్ద చర్చ నడిచింది, తయారీదారులు కొత్త డిజైన్ల మీద పడ్డారు.

మరి మన ఇంటి తాళం సంగతేంటి, ఇంత తేలిగ్గా వచ్చేస్తుందా అని భయం వేయొచ్చు. పక్క వీధిలో జరిగింది గుర్తు చేసుకోండి. గడ్డపార పట్టుకొచ్చేవాడికి లోపల ఎన్ని పిన్నులున్నా ఒకటే. తాళం ఎంత మంచిదైనా గొళ్ళెం రెండు అంగుళం స్క్రూల మీద నిలబడి ఉంటే లాభం లేదు. తలుపు చెక్కకి ఆర్‌పార్ బోల్టులు వేయించడం, ఊరెళ్లేటప్పుడు బయటికి కనిపించే కప్ప కాకుండా తలుపు లోపలి తాళం వాడటం, స్టేషన్‌లో ముందుగా చెప్పి వెళ్లడం, వీటికయ్యే ఖర్చు మా తమ్ముడి కిట్ కన్నా తక్కువే.

ఆ కిట్‌ని బాబాయి పారేయలేదు. బీరువాలో పెట్టి తాళం వేశారు. వేసవి సెలవుల్లో నేను వెళ్లినప్పుడు ఒక సిలిండర్, రెండు హుక్కులు ఇప్పించి, స్టేటస్‌లు పెట్టనని మాట తీసుకుని, మిగతావి అందులోనే ఉంచేశాం. నాలుగు పిన్నుల దాకా వచ్చానని మొన్న ఫోన్‌లో చెప్పాడు. ఐదోది పెడితే ప్లగ్ సగంలో ఆగిపోతోందట. నానమ్మ ట్రంకు పెట్టెకి మాత్రం కొత్త తాళం కొన్నారు. చెవులు మూడు. ఒకటి నానమ్మ కొంగుకి, ఒకటి పిన్ని దగ్గర, మూడోది ఎక్కడుందో నానమ్మ ఎవరికీ చెప్పట్లేదు.